వయసు చెప్పాల్సిన భాష

బస్తర్ ఇనుప గనుల పక్కన మా కిరందుల్ టౌన్‌షిప్పులో లేడీస్ క్లబ్బుకి ఏడాదికొక పిచ్చి పడుతుంది. ఒక ఏడాది కేకులు, ఒక ఏడాది గాజు మీద బొమ్మలు, ఒక ఏడాది యోగా. ప్రతిదీ రిబ్బను కత్తిరించడంతో మొదలవుతుంది, వాట్సాప్ గ్రూపు నిండా ఫోటోలు పడతాయి, తర్వాత ఎవరూ ఆపమనకుండానే ఆగిపోతుంది. కొరియన్ భాష వంతు వచ్చేసరికి నాకు నలభై తొమ్మిదేళ్ళు.

ఎవరికీ భాష మీద ప్రేమ పుట్టి కాదు. మగవాళ్ళు కొండ మీద డ్యూటీలో ఉండగా, మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక, టౌన్‌షిప్పులో సగం మంది ఆడవాళ్ళు ఫోన్లలో కొరియా సీరియళ్ళు చూస్తారు. మాటలు హిందీలోకి మార్చి ఉంటాయి. పాలుగారే ముఖంతో ఒక కుర్రాడు వానలో గొడుగు పట్టుకుని నిలబడతాడు. చూసేవాళ్ళ కళ్ళు తడుస్తాయి. ఇక్కడ నెలల తరబడి కురిసే వానల్లో ఏ మొగుడూ ఏ పెళ్ళానికీ గొడుగు పట్టిన పాపాన పోలేదు కాబట్టి ఆ కన్నీళ్ళు న్యాయమైనవే. నేనూ చూసేదాన్ని. అంత ఆస్తి ఉన్నవాడు పగలంతా పనీపాటా లేకుండా ఎలా తిరుగుతాడా అనే అనుమానం ఒక్కటే నన్ను ఏడవనిచ్చేది కాదు.

నేను ఇక్కడే పుట్టాను. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి గనిలో పనికి వచ్చాడు, మా ఆయన డంపర్ నడుపుతాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో హల్బీ, సంతలో కాస్త గోండీ. ఈ నాలుగూ నాకు ఎవరూ బల్ల మీద కూర్చోబెట్టి నేర్పలేదు. అందుకే అవి చదువు కింద లెక్కలోకి రావని చాలా ఏళ్ళు అనుకున్నాను. క్లాసు అనేసరికి ఆశపడ్డాను. ఆ వయసులో నన్ను విద్యార్థిని అని పిలిచేవాళ్ళు దొరకడం మాటలు కాదు.

నాతో పాటు చేరినవాళ్ళ సంగతి చెప్పాలి. వాళ్ళలో చాలామంది పెళ్ళయిన దగ్గర్నుంచి ఇక్కడే ఉంటున్నారు. సంతలో గోండు ఆడమనిషి దగ్గర చింతపండు కొనాలంటే ఇప్పటికీ వేలు చూపించి హిందీలో అరుస్తారు. గట్టిగా అరిస్తే ఏ భాషైనా అర్థమైపోతుందని వాళ్ళ నమ్మకం. పక్కింటి భాష ఇన్నేళ్ళలో చెవికెక్కని మహా తల్లులు సముద్రం అవతలి భాషకి కొత్త పెన్నులు కొనుక్కుని బయల్దేరారు.

నేర్పడానికి వచ్చింది అనంతపురం పిల్ల. ఒక జూనియర్ ఇంజినీరుని చేసుకుని కొత్తగా వచ్చింది. పెళ్ళికి ముందు ఏదో కొరియా వాళ్ళ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసింది, అక్కడ వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ భాష పట్టుకుంది. మంచి పిల్లే. కానీ మొదటి రోజే బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండె గుర్తు ఎలా చూపించాలో నేర్పింది. మనవలున్న ఆడవాళ్ళు కూడా వేళ్ళు ముడిచి, తలలు ఓరగా పెట్టి ఫోటో దిగారు. నేనూ దిగాను. ఆ ఫోటోలో తిమ్మిరెక్కిన వేళ్ళు విదుల్చుకుంటున్నదానిలా ఉన్నాను.

క్లబ్బు ప్రెసిడెంటు ఒక పెద్ద ఆఫీసరు గారి భార్య. ఆమెను అందరూ మేడమ్ అంటారు. ఆమె మాత్రం అందరినీ "ఏమ్మా" అంటుంది. ఆమె లోపలికి వస్తే క్లాసు ఆగుతుంది, అందరూ లేస్తారు. దిండు ఉన్న కుర్చీ గదిలో ఒక్కటే, అది ఆమెది. ఆమె మొదటి క్లాసులో దీపం వెలిగించి ఉపన్యాసం ఇచ్చింది. కొరియన్‌లో కూడా తమిళంలో లాగే నాన్నని అప్పా అంటారని టీచరు చెప్పగానే, అసలు కొరియన్ భాష మన దగ్గర్నుంచే వెళ్ళిందని మేడమ్ తేల్చేసింది. చప్పట్లు మోగాయి. తమకి రాని భాష తమ భాషలోంచే పుట్టిందని నమ్మితే ఎంత హాయి! నేర్చుకునే శ్రమ అక్కడికక్కడే సగం తగ్గిపోతుంది.

అక్షరాలు మాత్రం ఆ పిల్ల బాగా నేర్పింది. వాక్యంలో క్రియ చివరికే వస్తుంది కాబట్టి మనకి తేలికని కూడా చెప్పింది. "తెలుగు మాదిరే ఉంటాది అక్కా, ఏం భయపడాకండి," అనేది. అదీ నిజమే. అయితే మా వాళ్ళకి అక్షరాలతో పని లేదు. వాళ్ళకి సీరియల్లో మాటలు కావాలి. అందుకని 'నన్ను వదిలి వెళ్ళకు', 'నువ్వు లేకపోతే నేను చచ్చిపోతాను' లాంటివి బట్టీ పట్టించింది. నాకు కొరియన్‌లో మంచినీళ్ళు అడగడం రాకముందే చచ్చిపోతానని బెదిరించడం వచ్చేసింది.

మా పక్క క్వార్టరు వదినని నేనే లాక్కెళ్ళాను. ఫోర్‌మన్ గారి భార్య, శ్రీకాకుళం వైపు మనిషి. నిజానికి నాకు ఏమీ కాదు, ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఒకరినొకరం వదినా అనుకోవడం అలవాటు. ఆమెకి సీరియళ్ళు అంటే చిరాకు. కానీ చెవి గొప్పది. విన్న మాటని విన్నట్టు అనేది, సాగదీయడాలతో సహా. క్లాసులో అందరికంటే ముందు ఆమెకే నోరు తిరిగింది. భోజనం చేశారా అని మర్యాదగా అడగాలంటే 'షిక్సా' అని మొదలుపెట్టాలని టీచరు చెబితే, "బోయినాన్ని శిక్ష అంటారేటి? ఆ వంట నాను తినలేను," అంది. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు, కాబట్టి తొందరగా ఆపేశారు.

గొడవ వయసుల క్లాసులో వచ్చింది.

ఆ రోజు టీచరు చాలా హుషారుగా ఒక సంగతి చెప్పింది. కొరియన్‌లో ఎదుటి మనిషి మనకంటే పెద్దో చిన్నో తెలియకుండా నోరు తెరవలేమట. పెద్దవాళ్ళతో ఒక రకం, సాటివాళ్ళతో, చిన్నవాళ్ళతో ఇంకో రకం. ఆడవాళ్ళు తమకంటే ఒక్క ఏడాది పెద్దావిడని కూడా 'ఒన్ని' అనాలి, అంటే అక్క. అందుకే పరిచయమైన వెంటనే వయసు అడుగుతారు, అది వాళ్ళకి తప్పు కాదు. ఇదంతా చెప్పి, ఇప్పుడు అందరూ వయసులు చెప్పండి, జంటలుగా మాట్లాడదాం అంది.

గది ఒక్కసారిగా చల్లబడిపోయింది. ఒకావిడ ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళింది. ఒకావిడ చెప్పిన వయసు ప్రకారం ఆమెకు పదకొండో ఏట కొడుకు పుట్టి ఉండాలి. టీచరు అమాయకంగా అన్నీ బోర్డు మీద రాస్తోంది. మేడమ్ నలభై అయిదు అంది, బేరంలో పోనీలే అని మనకి వదిలిపెట్టినట్టు. మా వదిన దాచుకోలేదు. "యాబై నాలుగు. ఆధార్‌లో తక్కువుంటాది, అది తప్పు," అంది.

పెద్దా చిన్నా చక్కగా కుదిరారని టీచరు ఆ ఇద్దరినీ జత చేసింది. ఆ పిల్లకి టౌన్‌షిప్ సంగతులు ఇంకా తెలియవు. ఇక్కడ క్వార్టరు టైపుని బట్టి నవ్వులు కూడా కొలిచి నవ్వుతారని, ఆఫీసర్లుండే పై లైన్ వాళ్ళ పనిమనిషి కింది లైన్ వాళ్ళ గిన్నెలు ముట్టనంటుందని ఆ పిల్లకి ఎవరు చెబుతారు?

మా వదిన లేచి, చీర సర్దుకుని, మేడమ్ ఎదురుగా నిలబడి, చిన్నవాళ్ళని అడిగే పద్ధతిలో అడిగింది. "బప్ మొగొస్సొ?" ఉచ్చారణ అద్భుతంగా ఉంది. టీచరు చప్పట్లు కొట్టింది. వెనక నుంచి ఎవరో దానికి తెలుగేమిటని అడిగారు. టీచరు వెంటనే చెప్పేసింది: "అన్నం తిన్నావా, అని."

మేడమ్ ముఖం కందగడ్డ అయింది. జవాబుగా ఆమె మా వదినని 'ఒన్ని' అనాలి, మీరు తిన్నారా అని అడగాలి. ఆమె ఆ రెండూ చెయ్యలేదు. టీచరు వైపు తిరిగి, "ఇలాంటి పద్ధతులు మన కల్చర్‌కి సరిపోవమ్మా. వాళ్ళ దేశంలో ఆఫీసర్లు ఉండరా? వాళ్ళకేం గౌరవం ఉండదా?" అని అడిగింది.

"ఆఫీసులో ఉంటాది మేడమ్. బయట వయసే చూస్తారు," అంది ఆ పిల్ల.

మేడమ్ పనుందని లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఇంకో నలుగురు, వాళ్ళకీ ఏదో పని గుర్తొచ్చి వెళ్ళారు. మా వదిన మాత్రం, తనకి మాట ఎంత బాగా వచ్చిందో మేడమ్ ఒక్క మాటైనా అనలేదే అని దారంతా బాధపడింది. ఆమె చేసింది కావాలని కాదు. కావాలని చేసి ఉంటే బాగుండేదని నాకు తర్వాత అనిపించింది.

రెండు రోజుల్లో కథ రెండు లైన్లకీ పాకింది. ఫోర్‌మన్ పెళ్ళాం ఆఫీసరు పెళ్ళాన్ని కొరియన్‌లో నువ్వు అందట. వదిన వాళ్ళ ఆయనతో కొండ మీద ఒక ఆఫీసరు నవ్వుతూ, "ఆప్ కీ మేడమ్ కొరియన్ బహుత్ అచ్ఛా బోల్తీ హై," మీ ఆవిడ కొరియన్ భలే మాట్లాడుతుందే అన్నాడట. ఆయన ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఇనుపరాళ్ళ మధ్య బతికిన మనిషికి ఒక్క మాటకే వణుకు పుట్టింది. టీచరు మొగుడికి కూడా ఎవరో ఏదో చెప్పినట్టున్నారు, ఎందుకంటే తర్వాతి క్లాసుకి ఆ పిల్ల ముఖం మారిపోయి వచ్చింది.

వచ్చి, కొత్త మాట నేర్పింది. సమోనిమ్. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళ భార్యని కొరియాలో అలా పిలుస్తారట. ముందు మరిచిపోయిందట. మేడమ్‌ని అందరూ సమోనిమ్ అనొచ్చు, వయసుతో పని లేదు. అప్పటిదాకా కొరియావాళ్ళు మనకంటే కాస్త నయమేమో అనుకున్నాను. ఆ మాట విన్నాక ఆ భ్రమ తీరిపోయింది. కాకా పట్టడానికి మాట లేని భాష భూమ్మీద ఉండదు కాబోలు.

మేడమ్ వెలిగిపోయింది. అందరూ వరసగా వంగి, సమోనిమ్, సమోనిమ్ అన్నారు. మా వదిన వంతు వచ్చింది. ఆమె నాకు మాత్రమే వినపడేలా, "మేడమ్ అన్న మాట ఉండగా, దానికోసం ఇంత దూరం ఎల్లాలేటి వదినా?" అంది. సంచీ తీసుకుని బయటికి నడిచింది. మళ్ళీ క్లబ్బు గడప తొక్కలేదు.

నేను వెళ్ళిపోలేదు. నాకు ఆ అక్షరాలు ఇష్టమయ్యాయి, ఇంకా వస్తాయేమోనని ఉన్నాను. రాలేదు. క్లాసు కాస్తా వార్షికోత్సవానికి డాన్సు రిహార్సలైంది. పాత పట్టుచీరలు కోసి కొరియా గౌన్లు కుట్టించారు. చివర్లో సర్టిఫికెట్లు ఇచ్చారు. నేను కొరియన్ భాషలో ప్రావీణ్యం సాధించానని దాని మీద ఉంది. ప్రావీణ్యం అంటే నన్ను వదిలి వెళ్ళకు అనడమే. వర్షాకాలం రాకముందే టీచరు మొగుడికి హైదరాబాదులో ఉద్యోగం దొరికింది, ఆ పిల్ల వదిలి వెళ్ళిపోయింది. మేడమ్ కూడా బదిలీ మీద వెళ్ళింది. ఆమె తర్వాత వచ్చిన మేడమ్‌కి జుంబా ఇష్టం. అదే జనం, అదే గది, అదే చప్పట్లు.

కొరియన్ నన్ను వదలలేదు. మధ్యాహ్నాలు ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే, భాషలు మార్చుకునే యాప్ ఒకటి కనిపించింది. నాకు వచ్చింది నువ్వు నేర్చుకో, నీకు వచ్చింది నాకు నేర్పు అనే పద్ధతి. హిందీ నేర్పుతానని, కొరియన్ కావాలని పెట్టాను. చాలా రోజులు మగాళ్ళు తప్ప ఎవరూ పలకలేదు. వాళ్ళకి కావలసింది హిందీ కాదని రెండో వాక్యానికే తెలిసిపోయేది.

చివరికి ఒకావిడ దొరికింది. కొరియాలో తేగు అనే ఊళ్ళో ఉంటుంది, బట్టలు కుట్టే దుకాణం నడిపి మానేసింది. వీడియోలో మొదటిసారి కనిపించినప్పుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, నీ వయసెంత. చెప్పాను. తనకి అరవై ఎనిమిది అంది. అంతే. నేను ఆమెని ఒన్ని అన్నాను, ఆమె నన్ను నువ్వు అంది. మా క్లబ్బుని రెండుగా చీల్చిన వ్యవహారం టీ పొంగేలోపల తెమిలిపోయింది.

కానీ మాట్లాడుకోవడానికి మాటలు లేవు. ఆమె అక్కడ ఏదో క్లాసులో హిందీ నేర్చుకుందట. బుద్ధుడి చోట్లన్నీ చూడాలని ఆమెకి కోరిక, అందుకోసం. ఆ క్లాసులో నేర్పినవి, ఇది బల్ల, అది కిటికీ, ఏనుగు పెద్దది. ఇన్నేళ్ళ మనిషి నా ముఖంలోకి చూసి గంభీరంగా 'హాథీ బడా హై' అంటే నేనేం జవాబు చెప్పాలి? నాకు తెలిసినదేదో నేనూ చెప్పాను. నువ్వు లేకపోతే నేను చచ్చిపోతాను అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి నావైపు చూసింది. అది ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. సీరియళ్ళలో అన్నాను. తన కోడలు కూడా అలా మాట్లాడదని, అవి చూస్తే బుర్ర పాడవుతుందని తిట్టింది. మాటలు తర్వాత అర్థమయ్యాయి. తిడుతోందని మాత్రం అప్పుడే ముఖం చూసి గ్రహించాను.

ఒకరోజు ఆమె కుర్చీలోంచి లేవబోయి అబ్బా అన్నట్టు ఒక శబ్దం చేసింది. ఏమైందని సైగ చేశాను. ఫోన్ కిందికి దించి మోకాలు చూపించింది. వాచి ఉంది. నేనూ ఫోన్ దించి నా మోకాలు చూపించాను, అదీ వాచే ఉంది. 'మురుపి ఆపాయో' అంది. మోకాలు నొప్పి అని. ఎవరూ నేర్పకుండానే ఆ వాక్యం పట్టుబడింది. దాని వెనకాల బరబరా మిగతావన్నీ వచ్చాయి. మెట్లు, చలి, వేన్నీళ్ళ కాపడం, డాక్టరు, డాక్టరు మీద తిట్లు, బరువు తగ్గమన్న కొడుకు మీద తిట్లు. ఆమె క్యాబేజీ ఊరబెట్టేది నాకు చూపించేది, నేను ఆవకాయ జాడీ చూపించేదాన్ని. ఆమె నోరు మంచిది కాదు. పక్కింటివాళ్ళు, తన కోడలు, అక్కడి ప్రభుత్వం, తనకి హిందీ నేర్పిన మాస్టారు, అందరూ ఆమె దృష్టిలో పనికిమాలినవాళ్ళు. నాకు ఆమె ఎంత నచ్చిందో చెప్పలేను. ఎంతసేపూ అందరినీ పొగుడుతూ కూర్చునే మనుషుల దగ్గర ఏ భాషా రాదు. తిట్టేవాళ్ళ దగ్గరే క్రియలు, విశేషణాలు అన్నీ దొరుకుతాయి.

ఆమె హిందీ కూడా బాగుపడింది. బాగుపడింది అని నేను అనుకున్నాను. నేను నేర్పింది నా హిందీ. అందులో రైలు మగో ఆడో నాకు ఇప్పటికీ తెలియదు. 'నాకు' అనడానికి ఇక్కడ అందరిలాగే 'ముఝే' బదులు 'మేరే కో' అంటాను, అవునని చెప్పాలంటే ఛత్తీస్‌గఢ్ వాళ్ళలా 'హవ్' అంటాను. ఆమె అవన్నీ యథాతథంగా ఎక్కించుకుంది. మా ఆయన ఒకసారి పక్క గదిలోంచి విని, ఎవరో పక్కనున్న దంతేవాడ నుంచి వచ్చారనుకున్నాడు.

పోయిన చలికాలంలో ఆమె ఒక గుంపుతో కలిసి బుద్ధగయ వచ్చింది. మా ఊరికి రమ్మన్నాను. గయ నుంచి ఇక్కడికి ఎలా రావాలో వివరించడం మొదలుపెట్టి, రాయ్‌పూర్ దగ్గరికి వచ్చేసరికి మా ఇద్దరికీ ఓపిక పోయింది. పైగా గుంపుని వదిలి కదలనివ్వరట. మూడో రోజు మధ్యాహ్నం బియ్యం కడుగుతుంటే ఫోన్ చేసింది. కోపంతో మండిపోతోంది.

వాళ్ళకి పెట్టిన గైడు ఆమె హిందీ విని పగలబడి నవ్వాడట. మిగతా గైడుల్ని కూడా పిలిచి మళ్ళీ మాట్లాడమన్నాడట. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే బస్తర్ అని చెప్పింది. వాడు అదీ సంగతి అని, ఇది జంగల్ వాళ్ళ హిందీ, అసలు హిందీ నేను నేర్పుతాను అన్నాడట. "జంగల్ అంటే అడవే కదా? మాట్లాడే హిందీకి అడవితో ఏం పని?" అని కొరియన్‌లో నన్ను అడిగింది.

చెప్పాను. అడవివాళ్ళంటే మోటువాళ్ళని వాడి లెక్క అని చెబుతున్నప్పుడు నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు మీద కోపం వచ్చింది. నా హిందీ నేర్చుకున్నందుకు నీకు అవమానం అయిందా అని అడిగాను.

 ఆమె హిందీలోకి మారి, విడివిడిగా పలుకుతూ చెప్పింది: "మేరే కో చాయ్ మిలా. బినా చీనీ మిలా. మోకాలు నొప్పి అంటే కుర్సీ భీ మిలా." తనకి చక్కెర లేని టీ దొరికింది, కుర్చీ కూడా దొరికింది అని. మధ్యలో తెలుగు ఎప్పుడు దూరిందో నేనూ గమనించుకోలేదు, ఆమె అయితే అదీ హిందీయే అనుకుంటోంది. అసలు హిందీ వచ్చినవాడు పొద్దున్నుంచీ తనకి ఒక్క కుర్చీ వేయించలేకపోయాడని, అలాంటివాడి దగ్గర నేర్చుకోవడానికి ఏముందని అంది. ఇంతలో బస్సు ఎక్కమని ఎవరో పిలిచారు. హవ్, హవ్ అని వాళ్ళకి జవాబిస్తూ ఫోన్ పెట్టేసింది.

నేను మళ్ళీ బియ్యం దగ్గరికి వచ్చాను. ఎన్నడూ చూడని ఆ గైడు మీద సాయంత్రం దాకా కోపం తగ్గలేదు. వంట చేస్తున్నంతసేపూ వాడితో హిందీలో పోట్లాడుతూనే ఉన్నాను, మా హిందీలోనే.